ఈశాన్యం మూలన సర్కారు సొత్తు

మొన్న మా అల్లుడు నంద్యాలలో కొత్తగా కొన్న స్థలంలో ఇల్లు మొదలుపెడుతూ, ఇంటికి పెద్దవాణ్ణి కదా అని నన్ను కూడా వెంటబెట్టుకుని పోయాడు. అక్కడ ఇంజనీరు జేబులోంచి ఫోను తీసి, అరచేతిలో వెల్లకిలా పెట్టుకుని, అటు కాస్త ఇటు కాస్త తిరిగి, ఇదిగో ఈశాన్యం అని తేల్చేసి, ఆ వెంటనే అదే ఫోనులో ఎవరితోనో సిమెంటు సంగతి మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నావని మా అమ్మాయి అడిగింది గానీ ఎండలో నిలబడి చెప్పే కథ కాదది. పైగా ఈ కాలం పిల్లలకైతే సర్కారు సొత్తు అంటే ఏమిటో, దానికి సంతకం పెట్టడమంటే ఏమిటో ముందు చెప్పుకుంటూ రావాలి. మీరు నా ఈడువాళ్లు, మీకంత ఉపోద్ఘాతం అక్కరలేదు.

డెబ్బయ్యో దశకం చివర్లో నేను ఆళ్లగడ్డలో ఒక హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరాను. మాది గడివేముల వైపు ఒక పల్లె. మా నాయన కూలికి పోయి, క్రైస్తవ మిషను బళ్లో వేసి నన్ను చదివించాడు. చేరిన ఏడాదే మా హెడ్మాస్టరు నన్ను ఎన్.సి.సి. ఆఫీసరుగా ఎంపిక చేశాడు. నా శక్తిసామర్థ్యాలు చూసి కాదు లెండి, మా స్టాఫులో మిలిటరీ బెల్టు పట్టే నడుము నా ఒక్కడిదే. నాగపూర్ దగ్గర శిక్షణకు పోయి, అక్కడి ఎండకు మాడి, గోధుమ రొట్టెలకు అలవాటుపడి, భుజం మీద ఒక్క నక్షత్రంతో తిరిగొచ్చాను. ఆ యూనిఫాంలో నన్ను చూడాలని మా నాయన ఊరినుంచి వచ్చి, ఆ ఖాకీ చొక్కాను ముట్టుకోబోయే ముందు చేతులు పంచెకు తుడుచుకున్నాడు. మా పల్లెలో ఖాకీ బట్టలు కనపడితే మావాళ్లు కూర్చున్నచోటు నుంచి లేచి పక్కకు నిలబడేవాళ్లు. అటువంటి బట్టలు తన కొడుకు ఒంటిమీద ఉన్నాయని నమ్మడానికి ఆయనకు ఒక పూట పట్టింది. నాకు ఆ యూనిఫాం ఎందుకంత ప్రాణమో చెప్పడానికే ఇదంతా చెబుతున్నాను.

యూనిఫాంతోపాటు ఒక గదీ, గది నిండా సామానూ నా మెడకు చుట్టుకున్నాయి. బూట్లు, బెల్టులు, టోపీలు, నీళ్ల బుడ్లు, నేలమీద పరుచుకునే పట్టాలు, అన్నీ సైన్యానివే, అన్నిటికీ సంతకం నాదే. బెల్టు తెగితే తెగిన బెల్టునే తెచ్చి చూపించాలి, బుడ్డి సొట్టపోతే సొట్టతోనే చూపించాలి. విరిగింది విరిగినట్టు కళ్లముందు పెడితే క్షమిస్తారు గానీ, అసలు కనపడకపోతే మాత్రం విచారణే. మా కేడెట్లకు ఈ సంగతి తలకెక్కించడం నా తరమయ్యేది కాదు. రుద్రవరం నుంచి వచ్చే ఒక పిల్లవాడు నేలపట్టా ఇంటికి తీసుకుపోతే వాళ్లమ్మ దానిమీద మిరపకాయలు ఆరబోసింది. ఆ తర్వాత క్యాంపులో దానిమీద పడుకున్నవాడల్లా తెల్లారేదాకా తుమ్ముతూనే ఉన్నాడు. ఇంకొకడి నీళ్ల బుడ్డి పెరేడులో మూత తీస్తే పుల్లటి మజ్జిగ వాసన. అదేమిరా అంటే, మా నాయన చేనికి తీసుకపోయినాడు సార్, ఆయప్ప కూడా దేశానికే గదా పనిచేస్తాండేది అన్నాడు. వాణ్ణి కొట్టాలో మెచ్చుకోవాలో తెలియక పెరేడు అయ్యాక బొరుగుల ఉగ్గాని ఒక పొట్లం ఎక్కువ పెట్టించాను.

ఆ సామానులోకల్లా విలువైనది ఒక దిక్సూచి. ఇత్తడితో చేసింది, గుండ్రంగా, అరచేతిలో పట్టేంత, మూత తెరిస్తే అద్దం, పక్కన వేలు దూర్చి పట్టుకోవడానికి ఒక రింగు, వెనక నంబరు చెక్కి ఉండేది. మ్యాపులు చదవడం నేర్పడానికని బెటాలియన్ వాళ్లు ఇచ్చారు. మాలాంటి చిన్న బడికి అటువంటిది దక్కడమే గొప్ప. దాన్ని నేను పసిబిడ్డను చూసినట్టు చూసేవాణ్ణి. మూత తీసిన ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడిచి, ఖాకీ సంచిలో పెట్టి, తాళం వేసేవాణ్ణి.

ఇంతలో బజారులో శెట్టిగారు కొత్త ఇల్లు తలపెట్టాడు. ఊళ్లో పెద్ద కిరాణా కొట్టు ఆయనది, మా బడికి బెంచీలు చేయించి ఇచ్చినవాడు. ఆయన స్థలం వీధికి కొంచెం వంకరగా ఉండటంతో ఈశాన్యం ఎటు అనే విషయంలో ఊరి సిద్ధాంతి ఒక మూల చూపించాడు, నంద్యాల నుంచి పిలిపించిన సిద్ధాంతి దానికి జానెడు పక్కన చూపించాడు. ఇద్దరూ తగ్గరు. శెట్టిగారికి నిద్ర పట్టడంలేదు. అప్పుడు మా హెడ్మాస్టరు, బెంచీల రుణం తీర్చుకునే అవకాశం దొరికిందని కాబోలు, మా బళ్లో మిలిటరీ యంత్రం ఉంది, సైన్యం హిమాలయాల్లో దారి చూసుకునేది దాంతోనే, అదొచ్చి చెబితే ఏ సిద్ధాంతీ నోరెత్తలేడు అని మాట ఇచ్చేశాడు. ఇట్లా బయటికి ఇవ్వగూడదు సార్ అని నేను నసిగితే, ఏమీకాదు నేనున్నాను కదా అన్నాడు. ఈ 'నేనున్నాను కదా' అనే మాటను మన తరం వాళ్లం ఎన్నిసార్లు నమ్మామో లెక్కేలేదు.

ముహూర్తం ఆదివారం పొద్దున. నేను ముందుగానే పోయి, దిక్సూచి కంటి దగ్గర పెట్టుకుని చూస్తుంటే సూది ఒకచోట నిలవదు. ఇప్పుడు ఇటంటుంది, మరుక్షణం అటంటుంది. సిద్ధాంతులిద్దరూ ఆ రోజుకు మొదటిసారి ఒక్క మాట మీదికొచ్చి నావంక జాలిగా చూశారు. తీరా గమనిస్తే శెట్టిగారు ఆత్రంకొద్దీ నా పక్కకు వచ్చినప్పుడల్లా ఆయన మొలకు వేలాడే ఇనుప బీగంచెవుల గుత్తి సూదిని లాగుతోంది. ఆ గుత్తి ఆయన నిద్రలో కూడా విప్పడని ఊరంతా అనుకునేవాళ్లు. ఎట్లాగో బతిమాలి దాన్ని వీధి అవతలి అరుగుమీద పెట్టించి, ఈశాన్యం తేల్చి, మేకులు కొట్టించాను. నంద్యాల సిద్ధాంతి చెప్పిందే నిజమైంది. ఆయన ముహూర్తం వేళకు ఇంకొకసారి చూసుకుంటాను, ఉంచండి అన్నాడు. నాకు చర్చిలో ఆరాధన వేళ అవుతోంది, ఆ వారం వాక్యం చదవాల్సింది నేనే. పక్కనే ఉన్న హెడ్మాస్టరు, ఉంచి పోవయ్యా, నేను భద్రంగా పంపిస్తాగా అన్నాడు. ఉంచి పోయాను.

సోమవారం శెట్టిగారి గుమాస్తా ఖాకీ సంచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా అలవాటు ప్రకారం తుడుద్దామని తెరిస్తే లోపల ఇత్తడిదే, గుండ్రటిదే, కానీ అది దిక్సూచి కాదు. మూత తీస్తే పత్తిలో పొదిగిన నవరత్నాలు, పంచలోహపు ముక్కలు. జరిగిందేమిటో బోధపడటానికి పెద్ద తెలివి అక్కరలేదు. పూజకు దగ్గర పెట్టిన ప్రతి వస్తువుకూ బొట్టు పెట్టడం మనవాళ్ల అలవాటు కదా, నా దిక్సూచికి కూడా పసుపూ కుంకుమా పెట్టి పళ్లెంలో ఉంచారు. శెట్టిగారి తల్లికి చూపు మందం. శంకుగుంతలో నవరత్నాల డబ్బీ వేయవలసింది ఇంటికి పెద్ద కాబట్టి ఆమే. చేతికి అందిన ఇత్తడి డబ్బీని కళ్లకద్దుకుని గుంతలో పెట్టింది, పాలు పోశారు, నవధాన్యాలు వేశారు, ముహూర్తపు రాయి దించి సున్నంతో కప్పేశారు. పళ్లెంలో మిగిలిన డబ్బీని గుమాస్తా నా సంచిలో వేసి తెచ్చాడు. హిమాలయాల్లో దారి చూపవలసిన సొత్తు ఆళ్లగడ్డ బజారులో ఈశాన్యం మూలన పడుకుని ఉంది.

ఆ శుక్రవారమే బెటాలియన్ వాళ్ల తనిఖీ. పరుగున పోయి హెడ్మాస్టరుకు చెబితే ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, సంతకం నీది కదయ్యా అన్నాడు. అంతే. ఆ క్షణంలో ఆయనమీద వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు, మనిషి పోయి చాలాకాలమైనా సరే. దిక్సూచి కనపడకపోతే విచారణ, విచారణలో సొత్తును పరాయివాళ్లకు ఇచ్చానని తేలితే యూనిఫాం అప్పగించి ఇంటికి పోవడమే. మా నాయన చేతులు తుడుచుకుని ముట్టుకున్న బట్టలవి.

శెట్టిగారి దగ్గరికి పోయాను. ఆయన మంచివాడు, విన్నవెంటనే ముఖం పాలిపోయింది. మద్రాసు నుంచో బొంబాయి నుంచో ఇంతకంటే మంచిది తెప్పిస్తానన్నాడు. వెనక నంబరు చెక్కి ఉంటుందండీ, ఆ నంబరుదే కావాలి అన్నాను. అయితే తవ్విద్దామా అని ఆయన అక్కడే ఉన్న ఊరి సిద్ధాంతివైపు చూస్తే, సిద్ధాంతి చెవులు మూసుకున్నాడు. వేసిన శంకు కదిలిస్తే ఇంటికి పెద్దైనవాళ్లకు ప్రాణహాని అన్నాడు. ఇంటికి పెద్ద అంటే తల్లి. ఇక శెట్టిగారు తల వంచుకుని, నేలవైపు చూస్తూ, మా అమ్మప్పా, నేనేం చేద్దు అన్నాడు. నాకూ అమ్మ ఉంది. ఇంటికొచ్చి మా ఆవిడతో, శుక్రవారం ఉన్నదున్నట్టు చెప్పేసి బట్టలు అప్పగిస్తాను అన్నాను. ఆమె యూనిఫాం తీసి ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది. ఇచ్చేసే బట్టలకు ఇస్త్రీ ఎందుకే అంటే, ఇచ్చేటప్పుడైనా మడత నలగకూడదు అంది. ప్రార్థన మాత్రం ఆ రోజు మామూలుకంటే చాలాసేపు చేసింది.

మరునాడు పొద్దున్నే గుమాస్తా వచ్చి, అవ్వ మిమ్మల్ని బిరీన రమ్మంటాంది అన్నాడు. పోయి చూస్తే స్థలంలో ఈశాన్యం మూల దగ్గర, తెల్లచీర కొంగు బిగించి, చేతికర్ర పట్టుకుని శెట్టిగారి తల్లి నిలబడి ఉంది. పక్కన గడ్డపారతో ఒక మనిషి, ఎదురుగా సిద్ధాంతి, మధ్యలో ఏడవలేక నిలబడిన శెట్టిగారు. ఎవరు చెప్పారో తెలియదు, ఆమెకు సంగతి తెలిసిపోయింది. సిద్ధాంతి మళ్లీ ప్రాణహాని మాట ఎత్తబోతుంటే ఆమె కర్రతో నేలమీద ఒక్కటి కొట్టింది.

"ఏందప్పా ఊరికే బెదిరిస్తాండావ్? గుంతలో పెట్టింది నేను. ఇంటికి పెద్ద నేను. కీడొస్తే నాకే గదా వచ్చేది? నేను ఇంగ ఎన్నాళ్లు ఏలాల? నేను చేసిన పనికి ఆ బిడ్డ ఎందుకు తలొంచుకోవాల? తవ్వండి."

అప్పటికీ గడ్డపార మనిషి కదల్లేదు. శెట్టిగారు తల్లివైపు చూశాడు, నావైపు చూశాడు, చివరికి ఆ గడ్డపార తనే అందుకుని మొదటి దెబ్బ వేశాడు. తల్లి మాటను దాటలేకపోయాడో, నా ముఖం చూడలేకపోయాడో నాకు తెలియదు. కళ్లవెంట నీళ్లు మాత్రం ఆగలేదాయనకు.

రాయి పక్కకు జరిపాక ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆమె నన్ను పిలిచింది. "రా అయ్యోరా, నీ సొత్తు నువ్వే తీసుకో" అంది. అప్పటిదాకా ఆ ఇంటివాళ్లకు నేను అరుగుదాకా వచ్చే మనిషిని మాత్రమే. నాకు అరుగుమీదే గౌరవంగా కుర్చీ వేసేవాళ్లు, అందులో లోటేమీ లేదు గానీ, ఆ అరుగు దాటి లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, నేనూ ఆశపడలేదు. అటువంటిది వాళ్ల శంకుగుంతలో, పాలూ నవధాన్యాలూ పోసిన చోట, మా నాయన కొడుకును చెయ్యి పెట్టమంటోంది. మోకాళ్లమీద కూర్చుని చెయ్యి పెట్టాను. మొలకెత్తబోతున్న పెసలమధ్య చల్లగా చేతికి తగిలింది. దిక్సూచిని పైకెత్తి ఆమెకు చూపించాను.

మూత లోపలి అద్దం చిట్లింది. పాలూ పసుపూ సందుల్లోకి దిగి ఎండిపోయాయి. తుడిచి చూస్తే సూది మాత్రం తిరుగుతోంది. శెట్టిగారు గుత్తి విప్పి దూరంగా పెట్టి వచ్చి మరీ చూశాడు.

శుక్రవారం తనిఖీకి వచ్చిన మేజరు బళ్లారి వైపు మనిషి, కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. బూట్లు చూశాడు, బెల్టులు చూశాడు, దిక్సూచి దగ్గరికి వచ్చేసరికి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నేను జరిగింది జరిగినట్టు చెబుతూ, బయటికి ఇచ్చిన తప్పు దగ్గరికి వచ్చేసరికి, మా హెడ్మాస్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర జట్కా ఆగింది. అవ్వ దిగింది. కొడుకు చెయ్యి పట్టుకుని నేరుగా వచ్చి, ఎవరప్పా ఈడ మిలిటరీ ఆఫీసరు అని అడిగి, ఆయన ముందు నిలబడి, పాతింది నేను, పగలగొట్టింది నేను, ఏం శిక్ష వేస్తావో నాకు వెయ్యి, ఈ అయ్యోరి బట్టల జోలికి మాత్రం పోవద్దు అంది. మేజరు లేచి నిలబడి ఆమెకు తన కుర్చీ ఇచ్చాడు.

తర్వాత ఆయన నవ్వుతూ నాతో, "దిక్సూచి పోగొట్టుకున్నోళ్లను శానామందిని సూసినా. పూజ చేసి పాతిపెట్టినోళ్లను ఈ ఊర్లోనే సూస్తాండా" అన్నాడు. పోలేదు కాబట్టి విచారణ లేదని, పగిలింది కాబట్టి మిలిటరీ వర్క్‌షాపుకు పంపిస్తానని, అడగకుండా బయటికి ఇచ్చినందుకు నాకొక మందలింపు వస్తుందని చెప్పాడు. వచ్చింది కూడా. పోతూపోతూ హెడ్మాస్టరుతో, ఇకమీదట ఈయన సంతకం పక్కన మీదీ ఉండాలి అన్నాడు. ఆ తర్వాత మా హెడ్మాస్టరు ఒక్క టోపీ కూడా ఎవరికీ అరువిస్తానని మాట ఇవ్వలేదు.

శెట్టిగారు ఇంకొక ముహూర్తం పెట్టించి, ఈసారి అసలు డబ్బీనే వేయించి, ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి నన్నూ మా ఆవిడనూ పిలిచి లోపలి పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టారు. అవ్వకు ప్రాణహాని జరగలేదు. పైగా ఆ గుంత తవ్విననాటి నుంచే ఆమె ఆయుష్షు పోసుకుందని ఊళ్లోవాళ్లు అనుకునేవాళ్లు. నేను ఆ వీధిలో సైకిలుమీద పోతుంటే అరుగుమీద నుంచి, "ఏమప్పా, ఇంగా బతికే ఉండా సూడు! నేను సచ్చినానంటే ఆ నింద నీ మీదకొస్తాదని బతుకుతాండా" అని కేకేసి పెద్దగా నవ్వేది. నేను నవ్వేవాణ్ణే గానీ, లోపల ఆ భయం నాకు నిజంగానే ఉండేది. ఆమెకు కాస్త జ్వరం వచ్చిందని తెలిసినా మా ఆవిడను పంపి కనుక్కునేవాణ్ణి.

ఎనభైల చివర్లో ఒక ఉదయం శెట్టిగారు తానే మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ రానివాడు గుమ్మంలో నిలబడగానే నాకు అర్థమైంది. అవ్వ నిద్రలోనే పోయిందన్నాడు. అంతకు ముందురోజు కొడుకును దగ్గర కూర్చోబెట్టుకుని నాకు చెప్పమని ఒక మాట చెప్పిందట: "ఆ అయ్యోరితో చెప్పు నాయనా, ఇది ఆ గుంత తవ్వినందుకు గాదు, వయసయి పోతాండానని. ఆయప్ప ఊరికే మనసులో పెట్టుకుంటాడు."

నేను గుమ్మం పట్టుకుని ఏడ్చాను. ఆ రోజు ఆమెను సాగనంపడానికి యూనిఫాం వేసుకునే పోయాను, నిబంధనల్లో ఉందో లేదో చూసుకోలేదు.

ఇప్పుడు వస్తువులు చవకయ్యాయి, పోతే ఇంకొకటి కొనుక్కుంటున్నాం, అదీ మంచిదే, మా కాలపు భయాలు మన మనవళ్లకు అక్కరలేదు. కాకపోతే ఏది పగిలినా, ఏది పోయినా, అది నావల్లనే అనే మాట వినపడటం మాత్రం తగ్గింది. బళ్లలో తగ్గింది, ఆఫీసుల్లో తగ్గింది, ఇళ్లలోనూ తగ్గింది. అయినా బొత్తిగా లేకుండా పోయిందని నేననను. ఎప్పుడో ఒకసారి, ఎవరో ఒకరు, చిన్నవాళ్లే కావచ్చు, పెట్టింది నేనే అని ముందుకొస్తారు. అప్పుడు నాకు, ఈ మోకాళ్ల నొప్పులతో కూడా, కుర్చీలోంచి లేచి నిలబడాలనిపిస్తుంది.